అండాలమ్మ పాట

తను కట్టిన పాటను ఫోనులో వేసుకున్నందుకు కన్నకొడుకునే దొంగను చేస్తే అండాలమ్మకు కడుపు మండదా మరి?

సకల జనుల సమ్మె రోజుల్లో, ఎల్బీ నగర్ దీక్షా శిబిరంలో ఆమె పాడిన పాట అది. సీడీల వ్యాపారి భానుమూర్తి ఆమెను ఒక్క మాట అడగకుండా, ఆమె అక్కడ పాడుతుండగానే రికార్డు చేయించి అమ్మకానికి పెట్టాడు. పైగా అట్ట మీద 'కాపీ చేయడం నేరం' అని అచ్చు. ఆమె కొడుకు భిక్షపతి ఆ సీడీని డబ్బు పెట్టే కొన్నాడు. ఆటో నడిపేవాడు సీడీ ఎక్కడ వింటాడు? ఫోనులోకి ఎక్కించుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ ఆటో స్టాండులో భానుమూర్తి అది పసిగట్టి పోలీసులకు పట్టించాడు. వాళ్లు ఫోనులో పాట చెరిపేసి, ఆటో గుంజుకుని, రెండు రోజులు స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు.

అండాలమ్మ భానుమూర్తి దగ్గరికి వెళ్లి బతిమాలింది. "గది నా పాటనే సారూ. పోరడు ఇననీకె ఏస్కున్నడు."

"నీ పాటే అని రుజువేంటమ్మా? చట్టం చట్టమే," అన్నాడు భానుమూర్తి తలెత్తకుండానే.

ఆమె ఏడవలేదు. శిబిరంలో కూర్చునే వకీలు దగ్గర సీడీ పెట్టించింది. మూడో చరణం కాగానే భిక్షపతి గొంతు వినిపించింది: "అమ్మా, జర నీళ్లు తాగు."

"ఇంకేం రుజువు గావాలె?" అన్నాడు వకీలు. "కొన్నదాన్ని సొంతానికి కాపీ చేస్కుంటె తప్పు గాదు. నిన్ను అడగకుండ అమ్ముకున్నడు సూడు, గదీ తప్పు."

ఫిర్యాదు పోయింది. పది రోజుల్లో భానుమూర్తి సరుకంతా స్టేషన్‌కు చేరింది, ఆయనా అదే బెంచీ మీద కూర్చున్నాడు. బయటపడగానే శిబిరానికి పరుగెత్తుకొచ్చాడు.

"మీ అబ్బాయి మీద కేసు తీసేస్తాను. మీరూ తీసేయండి, అండాలమ్మగారూ."

మొన్నటి 'నీ' కాస్తా 'గారూ' అయిందని ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"తీసేస్త. నీ లాప్‌టాప్ తెచ్చి ఈడ కూసో. అడిగినోళ్లందరి ఫోన్లల్ల నా పాట నీ చేతులతోనే ఎక్కియ్యి. పైస తీస్కోకు."

"ఊరికే ఇస్తే నా సీడీలు ఎవరు కొంటారండీ?"

"పాట నాది, ఇచ్చేది నేను. చట్టం చట్టమే."

తెల్లారి టెంటు ముందు వరుస చంపాపేట్ దారి దాకా సాగింది. మొదట నిలబడ్డవాడు భిక్షపతి. పాట చెరిపేసిన ఆ ఫోనును భానుమూర్తి తలెత్తకుండానే అందుకున్నాడు. అండాలమ్మ కుర్చీ లాక్కుని సరిగ్గా ఆయన ఎదుట కూర్చుంది.

"నా కొడుకు మొఖం సూసి ఇయ్యి," అంది.