విమానం ముక్కు మీద పులి

మా మామగారు యుద్ధంలో ఒక విమానం ముక్కు మీద పులి బొమ్మ వేశారన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ నమ్మరన్న సంగతి ఆయనకూ తెలుసు. పెళ్లైన నెలకే వెళ్లి, మూడేళ్లలో ఒక్క ఉత్తరం ముక్క రాయని మనిషికి పులులు వేసే తీరిక మాత్రం దొరికిందట అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు.

నా ఖర్మ కొద్దీ ఆ విమానం మా మ్యూజియానికే వచ్చింది. పాత యంత్రాల మీద రంగు పొరలు ఒక్కొక్కటే గీకి, అవి ఎప్పుడు ఎక్కడ పనిచేశాయో చెప్పడం నా ఉద్యోగం. తోక దగ్గర తయారీ నంబరు చూడగానే మామగారు ఇది నాదేనన్నారు. సోమవారం కొత్త రంగు వేయిస్తామని, ఈలోపు పులి దొరికితే ఉంచుతామని, లేకపోతే లేదని మా ఆఫీసరు తేల్చేశాడు. అది గురువారం పొద్దున.

ఈ పనిలో తొందరపడితే చరిత్రంతా పొడిగా నేల మీద రాలుతుంది. తడిపిన సన్నపాటి గరుకు కాగితంతో అరచేతంత మేర మెల్లగా రుద్దాలి. పైన, ప్రదర్శన కోసం వేసిన వెండి రంగు. దాని కింద శిక్షణ బడివాళ్ల పసుపు, 64 అంకె. ఆ కింద బూడిద రంగు, 19. అప్పుడు సరుకులు మోసిందన్నమాట. అన్నిటికన్నా అడుగున యుద్ధకాలపు ఆకుపచ్చ. పులంటూ ఉంటే ఆ పచ్చ మీదే ఉండాలి.

ఎడమవైపు కిటికీ కింద చూడమన్నారు మామగారు, నేను చూపించిన పక్కన కుర్చీ వేసుక్కూర్చుని. మూడు రోజులు రుద్దాను. చేతులు పడిపోయాయి. పచ్చ వచ్చింది గానీ పులి మీసం కూడా రాలేదు. ఆదివారం మధ్యాహ్నానికి ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఎనభై నాలుగేళ్ల మనిషి, తన జ్ఞాపకాన్ని తనే అనుమానిస్తూ అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటుంటే నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు అత్తగారు భోజనం క్యారేజీతో వచ్చారు. వేళాకోళానికే వచ్చారు, అందులో అనుమానం లేదు. విమానానికి ఎదురుగా నిలబడి, ఎడమవైపని చెబితే కుడివైపు రుద్దుతున్నారేమిటని నన్నడిగారు. విమానానికి ఎడమంటే లోపల కూర్చున్న పైలట్‌కి ఎడమ అని ఓపిగ్గా చెప్పబోయి, మధ్యలో ఆగిపోయాను. మామగారు ఏనాడూ లోపల కూర్చోలేదు. ముక్కుకి ఎదురుగా నిలబడి రంగులేసిన మనిషి.

అటుపక్కకి పరిగెత్తాను. ఈసారి పొరల లెక్క తెలుసు కాబట్టి చెయ్యి చురుగ్గా ఆడింది. సాయంత్రానికి పచ్చ మీద నారింజ రంగు తేలింది. చారలు, తోక, మీసాలు. ముగ్గురం తలలు పక్కకి వంచి చూశాం. అబద్ధమెందుకు, అది పిల్లి. చారలున్న, కడుపు నిండా తిని కూర్చున్న పిల్లి.

"పులినెక్కడ చూశాను గనక? తెలిసిన మొహం వేశాను," అని గొణిగారు మామగారు.

ఇంకో ఇరవై ఏళ్లకి సరిపడా సరుకు అత్తగారికి దొరికిందనుకున్నాను. ఆవిడ మాత్రం దగ్గరికెళ్లి బొమ్మ చెవి మీద వేలు పెట్టారు. ఆ చెవి సగానికి చిరిగి ఉంది.

"ఇది నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న పిల్లి కదండీ. తలుపు సందులో పడి చెవి చిరిగింది."

"ఉత్తరంలో ఏం రాయాలో నాకు తెలిసేది కాదు," అన్నారు మామగారు.

అత్తగారు చాలాసేపు ఆ చెవి మీంచి వేలు తియ్యలేదు.

సోమవారం ఆఫీసరు వచ్చి, కళ్లజోడు సవరించుకుని, ఈ బొమ్మ ఏమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు.

"పులి, బాబూ. కనబడటం లేదూ?"