ఒంటివేలి గ్లెనిస్

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ముగ్గురు స్నేహితులు పెట్టిన, ఎలక్ట్రానిక్ వాద్యాలతో పాడే సింథ్‌పాప్ బ్యాండులో కీబోర్డు గ్లెనిస్ ఆక్స్‌లీది. 1982లో వాళ్ల పాటలు రెండు దేశమంతా మోగాయి. పత్రికలవాళ్లు మాత్రం అంతా యంత్రాలే వాయిస్తాయనీ, ఆమె ఊరికే వేలు ఆనించి నిలబడుతుందనీ రాసి ‘ఒంటివేలి గ్లెనిస్’ అని పేరు పెట్టారు. మూడో ఆల్బం ఎవరూ కొనలేదు. ఇకమీదట ఒంటరిగా పాడుకుంటానని ఒక ఉత్తరం ముక్క పడేసి, గాయకుడు రాడ్నీ స్టానిఫోర్త్ లండన్ వెళ్లిపోయాడు.

గ్లెనిస్ రెండు రోజులు ఏడ్చింది. మూడోరోజు తన కీబోర్డు సింథసైజరును దుప్పట్లో చుట్టుకుని తానూ లండన్ బస్సెక్కింది.

స్టూడియోల చుట్టూ నాలుగు నెలలు తిరిగాక బిస్కెట్ల ప్రకటనకు వాయించమని ఒకచోట పిలిచారు. సంగీత దర్శకుడు స్వరాలు రాసిన కాగితం ముందు పెట్టాడు.

“నాకిది చదవడం రాదండీ. ఒక్కసారి పియానో మీద వినిపించండి, చాలు,” అంది.

పక్కనున్న వయొలిన్‌వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఆమె విన్నది విన్నట్టు వాయించి, నడుమ రెండు స్వరాలు తీసేస్తే పాడేవాళ్ల గొంతుకు చోటు దొరుకుతుందని కూడా చెప్పింది. దర్శకుడు తీసేశాడు. మరుసటి వారం మళ్లీ పిలిచాడు. ఆ ఏడాదే ఆమె చర్చిలో ఆర్గన్ వాయించే ఒకాయన దగ్గర స్వరాల కాగితం చదవడమూ నేర్చుకుంది.

ఎనిమిదేళ్లు గడిచేసరికి వీధిలో ఆమెను గుర్తుపట్టేవాళ్లు లేరు గానీ, స్టూడియోలో ఆమె రానిదే పని మొదలుపెట్టేవాళ్లూ లేరు.

ఒకరోజు పాట పాడే గదిలో రాడ్నీ ఉన్నాడు. కీబోర్డుకు ఎవరొస్తున్నారో అతనికెవరూ చెప్పలేదు. ఆమెను చూసి తడబడ్డాడు. మూడుసార్లు పాడినా గొంతు పై స్వరాలకు అందలేదు. ఆ మాట అతనితో అనడానికి ఎవరికీ నోరు రాలేదు. గ్లెనిస్ శ్రుతి ఒక మెట్టు దించి వాయించసాగింది.

“ఇక్కణ్ణుంచి ఎత్తుకో రాడ్నీ. నీ గొంతు ఇక్కడే బాగుంటుంది.”

అతను పాడాడు. అదే ఉంచేశారు.

టీ తాగుతున్నప్పుడు బ్యాండు మళ్లీ పెడదామా అని అడిగాడు. మూసేసినప్పుడు తనను అడగలేదు కదా అందామె.

“తప్పే. నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది.”

“ఇన్నాళ్లకైనా ఒప్పుకున్నావు. కానీ బ్యాండు వద్దు, నాకీ పనే బాగుంది. నీ మిగతా పాటలకి కావాలంటే వస్తాను. మార్చి దాకా మాత్రం ఖాళీ లేదు.”

రాడ్నీ ఏప్రిల్ దాకా ఆగాడు. అతని కొత్త ఆల్బంలో తొమ్మిది పాటలకూ ఆమే వాయించింది. వాటిలో ఏడు పాటలకు శ్రుతి దించింది.