రెండాకుల మధ్య ఖాళీ

వీపు మీద తడి దూది.

చల్లగా... మందు వాసనతో... నడుం దాకా జారి ఆగింది.

ఆగిందంటే, ఏదో కనబడిందన్నమాట.

"ఏమిటిది?" అంది వెనక నిలబడ్డ మత్తు డాక్టరమ్మ.

పచ్చబొట్టు. తీగ. నడుం ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకి, ఆకులు వేసి, ఎక్కడా పువ్వు పూయని తీగ. పందొమ్మిదేళ్లప్పుడు పొడిపించుకున్నాను. ఒక్కదాన్నే వెళ్లడానికి భయమేసి అక్కని లాక్కెళ్లాను. ఒకే బల్ల. ఒకే సిరా. ఇద్దరికీ ఒకే తీగ.

అత్తగారు ఎదురుగా నిలబడి నా భుజాలు పట్టుకున్నారు. మెడ సాచి చూశారు.

"వీపు మీద ఇంత పాదు పెట్టుకుని, మూడేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేమమ్మా!"

నవ్వబోయాను. పురిటినొప్పి వచ్చి నవ్వుని నమిలేసింది.

పొద్దున్నుంచీ అంతే. వస్తుంది — పిండుతుంది — పోతుంది. పోయిందని నమ్మేలోపు మళ్లీ వస్తుంది.

నమ్మడం నాకు చేతకాదు. పాల డెయిరీలో పరీక్ష గది నాది. రోజూ క్యాను మూత తీస్తాను. వాసన చూస్తాను. గాజు గొట్టంలో పోస్తాను. తెచ్చినవాడు తల్లి మీద ఒట్టేసినా సరే, పోస్తాను. అనుమానం నా జబ్బు కాదు. నా ఉద్యోగం.

అక్క మాటని మాత్రం ఏ గొట్టంలోనూ పోయలేదు.

ఏడో నెలలో చెప్పింది. "నడుం సూది మాత్రం వేయించుకోకు. నొప్పి తెలియదు, ఎపిడ్యూరల్ అంటూ మెత్తగా చెబుతారు. సిరా లోపలికి దిగుతుంది. నన్ను చూడు... సూది వేయించుకుని నాలుగేళ్లు, వంగితే లేవలేను."

చూశాను. వంగితే లేవలేకపోయింది. నిజమే.

నమ్మాను.

మధ్యాహ్నం దాకా ఆ నమ్మకం పంటి బిగువున నిలిచింది. తర్వాత సూది కావాలని అరిచింది నేనే. ఇప్పుడు దూది తగలగానే వణుకుతున్నదీ నేనే.

"సిరా లోపలికి పోతుందా?" అడిగాను.

డాక్టరమ్మ తొందరపడలేదు. "పోతుందేమోనని కొందరు జంకుతారు. దానివల్ల కీడు జరుగుతుందని మాత్రం తేలలేదు. అయినా సిరా లేని చోటే వెతుకుతాను. దొరక్కపోతే అప్పుడు మాట్లాడుకుందాం."

తేలలేదు.

ఆ మాట నాకు తెలుసు. కాగితం మీద రోజూ నేను రాసే మాటే. కల్తీ తేలలేదు. లేదని కాదు... తేలలేదని.

"మా అక్కకి వేశారు. నడుం పోయింది."

"ఎక్కడ గుచ్చారు? సిరా మీదా, పక్కనా?"

తెలియదు. ఇన్నాళ్లలో నేను అడగని ప్రశ్న అది.

"అత్తయ్యా, అక్కకి ఫోన్ చేయండి."

ఫోన్ నా చెవి దగ్గర పెట్టారు అత్తగారు.

"అక్కా, సూది నీకు ఎక్కడ గుచ్చారు? ఆకు మీదా?"

అవతల కొళాయి చప్పుడు. తర్వాత, కొళాయి కట్టేసింది.

"అక్కా... తొందరగా. మళ్లీ వస్తోంది."

"గుచ్చలేదు."

"ఏంటి?"

"నాకు వేయలేదే. ఆ డాక్టరు వీపు చూశాడు. పచ్చబొట్టుంది, కుదరదన్నాడు. చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. పద్దెనిమిది గంటలు ఆ నొప్పులతోనే..."

"మరి నడుం?"

"నడుం నొప్పి నిజమే. ఎందుకొచ్చిందో నాకేం తెలుసు?"

"మరి సూది వల్లేనని ఎందుకు చెప్పావు?"

"పచ్చబొట్టుకి నన్ను లాక్కెళ్లింది నువ్వే కదా." గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఇద్దరికీ ఒకటే అన్నావు. నొప్పి మాత్రం నాకొక్కదానికేనా?"

నొప్పి వచ్చింది. ఎవరిదో తెలియలేదు.

అత్తగారు ఫోన్ కట్టేశారు. ఆవిడకి అంతా వినబడింది. "తీగ లాగితే డొంకంతా కదిలింది" అని గొణిగి, నా నుదుటి చెమట తుడిచారు. "ఇప్పుడేం చేద్దామంటావు? నీ వీపు, నీ ఇష్టం."

ఎవరిని నమ్మాలి? అబద్ధమాడిన అక్కనా? చేతులు కడుక్కున్న ఆ డాక్టరునా? వెనక నిలబడి, మొహం కనిపించని ఈవిడనా?

"వెతకండి" అన్నాను.

డాక్టరమ్మ లైటుని దగ్గరికి లాగింది. బొటనవేలితో వెన్నెముక తడిమింది. ఒక ఆకు... పక్కకి. ఇంకో ఆకు... కాస్త పైకి.

"ఇదిగో. రెండాకుల మధ్య చింతగింజంత ఖాళీ. కదలకమ్మా."

దిండుని వాటేసుకుని, అత్తగారి భుజం మీద తల వాల్చాను. చురుక్కుమంది. తర్వాత ఒత్తిడి. తర్వాత చల్లటిదేదో వెన్ను వెంట పాకింది.

నొప్పి మెల్లగా దూరం జరిగింది. పక్కింట్లో గొడవలా — వినిపిస్తుంది, తగలదు.

అప్పుడూ అనుమానమే. ఇంత సులువా? ఇంత సులువైతే అక్క ఎందుకు...

సాయంత్రం పాప పుట్టింది. ఎర్రగా, కోపంగా. నా కాళ్లు ఇంకా నావి కాలేదు. వేళ్లు కదిపి చూస్తూనే ఉన్నాను. ముందు కుడికాలు. చాలాసేపటికి ఎడమది. రెండూ కదిలాక గానీ పాప వైపు సరిగ్గా తిరగలేదు నేను.

మర్నాడు అక్క వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. అత్తగారు రమ్మనలేదు, వద్దనలేదు. కుర్చీ ఖాళీ చేసి బయటికి వెళ్లారు.

అక్క పాపని ఎత్తుకుంది. నేను ఆ చేతుల్నే చూశాను. మెడ కింద అరచెయ్యి సరిగ్గా పెట్టింది. పాప లేవలేదు. పడుకోబెట్టాక నా వైపు తిరిగింది.

"చూపించు."

పక్కకి ఒత్తిగిల్లాను. చొక్కా తనే పైకి లేపింది. అక్కడ చిన్న పట్టీ. దాని చుట్టూ వేలితో తడిమింది. వెనకున్న మనిషి మొహం కనిపించదు... ఎంత అక్కైనా.

"ఇంత చోటు చాలిందా?" అంది చివరికి.

"చాలింది."

"నాకూ ఉండే ఉంటుందేమో..."

"తిరుగు. నేను చూస్తాను."

లేచి కూర్చుని చెయ్యి చాపాను. అక్క తిరగలేదు. తన చొక్కా అంచు రెండు చేతులతో కిందికి లాక్కుని, గోడకి వీపు ఆనించింది.

"వద్దే..." అంది. "నిజంగానే చోటుంటే?"