నా వీపు మీది రేకు

నేను ఒక బ్రేకు ప్యాడ్‌ని. మోటారు సైకిల్ ముందు చక్రానికి పళ్లెంలాంటి ఉక్కు డిస్కు ఉంటుందే, నా యజమాని ఓదెలు బ్రేకు నొక్కగానే దాన్ని గట్టిగా పట్టుకుని ఆపేవాణ్ణి నేను. ఆపేవాణ్ణి అన్నాను, గమనించారా? ఇప్పుడు ఆపడం లేదు. నా చోట ఇంకొకడున్నాడు. ఆ మాట చెప్పాలంటేనే నాకు ఒళ్లు మండుతుంది. అయినా చెబుతాను. నేను చెప్పకపోతే వాడి గురించి ఊరంతా చెప్పుకునే కథే మీకు తెలుస్తుంది.

నేను పుట్టింది ఎక్కడో ఒక కార్ఖానాలో. ఇనుప ముక్క మీద నల్లటి పొడి పోసి, వేడిగా అదిమి నన్నూ నా జోడీనీ ఒకే పూట తయారుచేశారు. కొత్త బండికి బిగించేటప్పుడు మాత్రం నా ఒక్కడి వీపుకే పలుచని రేకు తొడిగారు. ఎందుకు తొడిగారో ఎవరూ చెప్పలేదు. బ్రేకు పడ్డప్పుడల్లా అది నా వీపు మీద టిక్కుమనేది. మూడేళ్లు దాంతో వేగాను. పనీ పాటా లేకుండా నా వీపున ఊరేగుతోందని రోజూ తిట్టుకునేవాణ్ణి.

ఓదెలు ఊరూరా తిరిగి ఎదకొచ్చిన బర్రెలకు, ఆవులకు చూడి కట్టడానికి సూది వేసే మనిషి. బండి వెనక విత్తనాన్ని చల్లగా దాచే చిన్న క్యాను, పక్కన ఒక ఇనుప డబ్బా, జేబులో సబ్బు ముక్క. ఎదలో ఉన్న బర్రె ఎంత బెదురుమోతో మీకు తెలియదు. కొత్త మనిషి దగ్గినా తాడు తెంపుకుంటుంది. ఓదెలు మాత్రం దొడ్డి ముందు బండి ఆపితే బర్రె చెవి కూడా కదిపేది కాదు. "ఓదెలు వచ్చిండంటే పిల్లి వచ్చినట్టే" అని పది ఊళ్లలో పేరు. ఆ పేరుకు కారణం ఓదెలు అనుకునేవాళ్లు. నేను అనుకుంటూ ఉండేవాణ్ణి, కారణం నేను! కిర్రు లేదు, కీచు లేదు, అంత మెత్తగా ఆపే ప్యాడ్ ఈ జిల్లాలో ఇంకొకటి ఉందా అని.

మూడేళ్లకు అరిగాను. నిజమే, అరిగాను. కానీ ఇంకా గోరు మందం మిగిలే ఉంది, అది రాసుకోండి. అయినా సదయ్య మెకానిక్ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి నన్ను చూసి, "అన్నా, ఇగ మార్చాలె. ఇంకో నెలయితే ఇనుము డిస్కును గీకుతది" అన్నాడు.

ఇక్కడ ఓదెలు గురించి ఒక మాట చెప్పాలి. ఎన్నడో ఎవడో పాత సామానే తుడిచి మళ్లీ పెట్టి కొత్తదని నమ్మించాడట. అప్పటినుంచి ఓదెలుకు ఒక పట్టుదల. విప్పిన పాత సామాను ఆ క్షణమే తన చేతిలో పడాలి. సదయ్య నన్ను విప్పాడో లేదో, ఓదెలు చెయ్యి చాచాడు.

"పాతయి ఇటియ్యి."

"ఇస్తనే అన్నా, జర ఆగు..."

"ఆగేది లేదు. నా చేతుల పెట్టు."

సదయ్యకు రోషం వచ్చింది. "ఇగో, తీస్కో! నేనేమన్న దొంగనా?" అని నన్నూ నా జోడీనీ ఓదెలు అరచేతిలో కొట్టాడు. ఓదెలు మమ్మల్ని బండి పక్క డబ్బాలో పడేశాడు. ఆ డబ్బా మూత సందులోంచి నా స్థానంలోకి వెళుతున్న కొత్తవాణ్ణి చూశాను. నల్లగా, నిండుగా, అంచులు పదునుగా. ఇంకా ప్లాస్టిక్ కవరు వాసన పోలేదు. సదయ్య వాడిని గుడ్డతో తుడిచి మరీ బిగించాడు. నన్ను ఏనాడైనా ఎవరైనా తుడిచారా?

ఇంటికి పోతూ మొదటి మలుపులోనే వాడు నోరు విప్పాడు. కీ...చ్! ఓదెలు అదిరిపడ్డాడు. నేను డబ్బాలో పడి నవ్వలేక చచ్చాను. "కొత్తయి గద, రెండు దినాలైతే సదురుకుంటయి" అని ఓదెలు తనకు తానే చెప్పుకున్నాడు. రెండు రోజులైంది, నాలుగైంది. వాడు సర్దుకోలేదు. రోజురోజుకీ గొంతు పెంచాడు.

ఈలోగా ఓదెలు భార్య సమ్మక్క డబ్బా సర్దుతూ మమ్మల్ని చూసింది. ఇంట్లో బియ్యం డ్రమ్ము ఒక పక్కకు ఊగుతోందట. నా జోడీని కింద పెడితే సరిగ్గా కుదిరింది. నన్నూ పెట్టి చూసింది. "ఇది సక్కగ కూసుంటలేదు, దీని వీపుకు ఏందో రేకున్నది" అని మళ్లీ డబ్బాలో పడేసింది. చూశారా! ఆ రేకు వల్లే నాకు ఒక ఇల్లు కూడా లేకుండా పోయింది. నా జోడీకి బియ్యం వాసన, ఇంటి నీడ. నాకు డబ్బాలో తుప్పు పట్టిన స్క్రూడ్రైవర్. ఆ రోజు రేకును తిట్టినంతగా కొత్తవాణ్ణి కూడా తిట్టలేదు.

అసలు గొడవ కనకవ్వ దొడ్డి దగ్గర జరిగింది. కనకవ్వది ఒక్కటే బర్రె. పాలు ఎండిపోయాయి. అది చూడి కడితేనే మళ్లీ ఇంట్లో పాలు. పొద్దున్నే కబురు పెట్టింది, ఓదెలు వెళ్లాడు. వాకిట్లో బ్రేకు నొక్కాడు. కొత్త ప్యాడ్‌గాడు గావుకేక పెట్టాడు. బర్రె తోక ఎత్తి, పలుపు తెంపుకుని, పత్తి చేలోకి ఉరికింది. ఊళ్లో సగంమంది దాని వెనకాల పరిగెత్తారు. సాయంత్రానికి గానీ చిక్కలేదు, అప్పటికి ఎద దిగిపోయింది.

"నీ బండి నోరు పడిపోను, ఓదెలూ!" కనకవ్వ నెత్తి కొట్టుకుంది. "మల్ల ఇరవై దినాలు ఆగాలె నేను. ఈసారి గూడ గిట్లనే అరుసుకుంట వస్తే నా వాకిట్లకు రాకు. ఎవలనన్న పిలుసుకుంట."

ఓదెలు తల వంచుకున్నాడు. పదిహేనేళ్లలో అతణ్ణి ఎవరూ వాకిట్లోకి రావద్దనలేదు. ఆ రోజునుంచి ఒక్కో ఊళ్లో ఒక్కో మాట. పిల్లలు వాడి కీచును అనుకరిస్తూ బండి వెంట పడేవారు. "ఓదెలు బ్రేకు" అంటే చాలు, నవ్వులు. మనిషి చిక్కిపోయాడు. నాకు జాలి వేయలేదా అంటే, వేసింది. కానీ దానికంటే ముందు ఇంకొకటి కలిగింది. మూడేళ్లు నేను మెత్తగా ఆపాను, నన్ను ఒక్కరూ ఒక్కసారి తలచుకోలేదు. వాడు వారం రోజులు అరిచేసరికి పది ఊళ్ల నోళ్లలో వాడి మాటే! తిట్లయితేనేం, వాడి గురించే కదా.

ఇరవై ఒకటో రోజు కనకవ్వనుంచి మళ్లీ కబురు. ఓదెలు వాకిట్లో బండి ముందు కూర్చుని చక్రం వైపే చూస్తున్నాడు. సదయ్య దగ్గరికి పోదామంటే మొన్నటి మాటలు అడ్డం. సమ్మక్క కొబ్బరినూనె సీసా తెచ్చింది.

"తలుపు బందులు కిర్రుమంటే నూనె సుక్క ఏస్తలేమా? గింత దానికి గంత సోచాయించుడేంది?"

ఓదెలు ముఖం వెలిగింది. బర్రె కడుపులో చెయ్యి పెట్టి దూడ ఎన్ని నెలలదో చెప్పగలడు గానీ, పట్టుకోవడానికే పుట్టినదానికి నూనె రాయకూడదని ఆ మనిషికి తట్టలేదు. డిస్కు చుట్టూ, వాడి నోటినిండా, ధారగా పోశాడు. నేను చూస్తూనే ఉన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు పండగలా అనిపించింది. ఇక వాడి పని అయిపోయింది, నూనె తాగినవాడు జన్మలో డిస్కును పట్టలేడు అనుకున్నాను. బండి కదిలి రోడ్డెక్కాక గానీ నాకు బుద్ధి రాలేదు. బండి మీద ఓదెలు ఉన్నాడు.

ఇంటి ముందు మెల్లగా ఆపి చూసుకున్నప్పుడు చప్పుడు లేదు, ఓదెలు మురిసిపోయాడు. రైల్వే గేటు దగ్గర దిగుడు వచ్చింది. గేటు వేసి ఉంది. ఓదెలు బ్రేకు నొక్కాడు. నూనె తాగిన కొత్తవాడు జారాడు. మళ్లీ నొక్కాడు, పిడికిలి బిగించి నొక్కాడు, వాడు జారుతూనే ఉన్నాడు. వెనక బ్రేకు తొక్కితే బండి ఊగింది గానీ ఆగలేదు. రైలు కూత వినిపిస్తోంది. "సమ్మక్కా!" అని అరిచాడు ఓదెలు. దేవత పేరో పెళ్లాం పేరో అతనికే తెలియాలి. నేను డబ్బా గోడలకు కొట్టుకుంటూ, ఒక్కసారి, ఒక్కసారి నన్ను అక్కడ పెట్టండి అని మొత్తుకున్నాను. ఓడిపోవాలని నేను కోరుకున్నది వాడు, ఓదెలు కాదు.

ఓదెలు హ్యాండిల్ పక్కకు విరిచాడు. రోడ్డు మీద సగం దాకా ఎవరో మక్కలు, అదే మొక్కజొన్న గింజలు, ఆరబోసి, అంచున కుప్ప చేశారు. బండి ఆ కుప్పలోకి నడుం దాకా దిగి ఆగింది. డబ్బా మూత ఊడి నేను మక్కల్లో పడ్డాను. మోకాలు చెక్కుకుపోవడం తప్ప ఓదెలుకు ఏమీ కాలేదు. మక్కలు ఎత్తుకుంటున్న ముసలాయన నన్ను ఏరి, "ఇదేందో నీదేనా, పటేలా?" అని అందిస్తే, ఓదెలు చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత ఆ మనిషి చేసిన పని చూడండి. బండిని అక్కడే ఆపి, క్యాను భుజాన వేసుకుని, కుంటుకుంటూ రెండు కిలోమీటర్లు నడిచి కనకవ్వ వాకిట్లోకి వెళ్లాడు. బర్రె నెమరు వేస్తూ నిలబడింది. సూది పడింది. కనకవ్వ అతని మోకాలు చూసి పసుపు తెచ్చి అద్దింది. "బండేది?" అని మాత్రం అడిగింది. ఓదెలు నవ్వాడు.

మర్నాడు బండిని తోసుకుంటూ సదయ్య దగ్గరికి వెళ్లాడు. నన్ను జేబులోంచి తీసి బల్ల మీద టప్పున కొట్టాడు. "సూడు! ఇది మూడేండ్లు సప్పుడు చెయ్యలే. నువ్వు పెట్టింది నా పాణం మీదికి తెచ్చింది."

నా గురించి ఒక మనిషి అన్న మొదటి మంచి మాట అది. నేను ఉప్పొంగిపోయాను. సదయ్య నన్ను తిప్పి చూసి నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో అన్నా! రేకు దీని వీపుకే ఉన్నది గదనే! ఇది తీసి కొత్తదానికి తొడగాలె. ప్యాడుకు వణుకు వస్తే సప్పుడైతది, ఆ వణుకును ఆపేదే ఈ రేకు. పాతయి నువ్వు గుంజుకుంటివి, నేను కోపంల మరిస్తి."

ఓదెలు నోరు తెరిచాడు. నాకు నోరుంటే నేనూ తెరిచేవాణ్ణి. మూడేళ్లు నా గొప్ప అనుకున్నది, పిల్లి అడుగులన్న పేరు, బర్రెలు చెవి కదపకపోవడం, అంతా నేను రోజూ తిట్టిన రేకుదా? సదయ్య స్క్రూడ్రైవర్ మొన పెట్టి దాన్ని నా వీపునుంచి ఊడదీశాడు. నూనె తాగిన కొత్తవాణ్ణీ విప్పి, "ఇది ఇగ పనికిరాదు" అని మమ్మల్నిద్దరినీ ఒకే తుక్కు డబ్బాలో వేశాడు. డిస్కు శుభ్రంగా కడిగి మూడోవాణ్ణి తెచ్చాడు. వాడి వీపుకు నా రేకు తొడిగాడు. ఓదెలు ఈసారి చెయ్యి చాచలేదు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు నేనూ వాడూ పక్కపక్కనే ఉన్నాం. వాడి ఒంటినుంచి ఇంకా కొబ్బరినూనె వాసన వస్తుంది. మొన్న సిగ్గుపడుతూ అడిగాడు, "మూడేండ్లు సప్పుడు లేకుంట ఎట్ల చేసినవే?" అని. రేకు సంగతి చెప్పొచ్చు. చెబితే వాడి తప్పేమీ లేదని వాడికి తెలిసిపోతుంది. "అది పుట్టుకతో రావాలె" అన్నాను.

ఇవాళ మధ్యాహ్నం దుకాణం ముందు ఒక బండి ఆగింది. కీచు లేదు. కనకవ్వ బర్రె చూడి నిలిచిందని ఓదెలు సదయ్యకు చెబుతున్నాడు. అతను మాట్లాడేదాకా బండి వచ్చిందని నా పక్కనున్నవాడికి తెలియనే లేదు.

"ఎప్పుడొచ్చిండు? నీకేమన్న ఇనబడ్డదా?" అన్నాడు.

బండి ఆగేటప్పుడు టిక్కుమంది. నాకు స్పష్టంగా వినపడింది.

"ఏం లేదు" అన్నాను. ఆ టిక్కు నాది. వాడికెందుకు చెప్పాలి?