ముక్కలు కోసిన రసం కాయ

కొండాపూర్‌లో తమ మామిడితోట ఉన్న చోటే లేచిన అపార్ట్‌మెంట్లలో రామచంద్రానికి మిగిలింది ఒక ఫ్లాటూ, పార్కింగ్ పక్కన ఒక రసం మామిడి చెట్టూ. ఆ చెట్టు కొట్టేసి కార్లకు చార్జింగ్ పాయింట్ పెట్టాలని అసోసియేషన్ ప్రెసిడెంట్ దినేశ్ పట్టుబట్టాడు.

"పీచు తప్ప ఏముంది అంకుల్ అందులో?"

"నీకేం ఎరుక బిడ్డా, డబ్బాల రసం తాగి పెరిగినోనివి. నా కండ్లకు గంతలు కట్టి ఎన్ని తీర్ల కాయలన్న పెట్టు. మా చెట్టుది ఏదో చెప్త."

"చెప్తే చెట్టు ఉంటుంది. చెప్పకపోతే?"

"గొడ్డలి నేనే తెచ్చిస్త."

ఆదివారం క్లబ్‌హౌస్‌లో అందరూ పోగయ్యారు. కాయలు కోసింది దినేశ్ భార్య ప్రియదర్శిని. ఏ పళ్లెంలో ఏ రకమో ఆమెకొక్కతికే తెలుసు. చెక్కు తీసి, ముక్కలు చేసి, ఒక్కోదానికి ఒక పుల్ల గుచ్చింది.

"మామిడిపండుకు సూదులేందమ్మా? జొరమొచ్చిందా దానికి?" అని వెక్కిరించి, కళ్లకు తువ్వాలు కట్టించుకున్నాడు రామచంద్రం.

మొదటి ముక్క నోట్లో పడింది. "బంగినపల్లి. పైన సింగారం, లోపల చప్పిడి."

రెండోది. "దసేరి. చక్కెర నీళ్లు."

మూడోది నమిలి అరచేతిలోకి ఉమ్మేశాడు. "థూ! కొబ్బరితాడు నమిలినట్టుంది. మందు పెట్టి మాగేసిన కాయ. గిసొంటిది పెంచినోనికి సిగ్గుండాలె!"

నాలుగోది వెన్నలా కరిగింది. "గిదీ! గిది మా నాయిన పెట్టిన చెట్టు!"

అందరూ ప్రియదర్శిని వైపు చూశారు. ఆమె పళ్లేల వైపు ఒకసారి చూసుకుంది.

"కరెక్టండి," అంది.

దినేశ్ ముఖం మాడిపోయింది. జనం వెళ్లిపోయాక రామచంద్రం మీసం దువ్వుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఆ మూడోది ఏ బండి మీద కొన్నవమ్మా? కుక్కలు సుత ముట్టవు."

"అదేనండి మీ చెట్టుది. నాలుగోది బజార్లో కొన్న హిమాయత్."

ఆయన చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"మరి కరెక్టన్నవేంది?"

"మీరు గుర్తుపట్టలేదని చెట్టును నరుకుతారటండీ?" పళ్లేలు సర్దుతూ మెల్లగా అంది. "పిసికి జుర్రుకునే పండును ముక్కలు కోశాను. తప్పు నాదేలెండి."

దినేశ్ ఎన్ని మాటలన్నా తగలని దెబ్బ ఆ ఓదార్పుతో తగిలింది. రామచంద్రం మూడో పళ్లెం ముందుకు లాక్కుని, మిగిలిన ముక్కలన్నీ ఒక్కొక్కటే నమలసాగాడు.

కారు తాళాల కోసం దినేశ్ వెనక్కి వచ్చాడు. "గెలిచారుగా అంకుల్. ఇంకా ఆ చెత్త తింటారేంటి?"

నోటినిండా పీచుతో రామచంద్రం తల మాత్రం ఊపాడు.