ఊరంతా గుర్తుపట్టే దరఖాస్తు

శుక్రవారం నాలుగింటిలోపు చెయ్యాల్సినవి: ప్రిన్సిపాల్ సంతకం తీసుకోవాలి. రికార్డర్లకూ హెడ్‌ఫోన్లకూ రెండు దుకాణాల ధరలు జతచెయ్యాలి. పిల్లలకు దీనివల్ల ఏం ఒరుగుతుందో ఒక్క పేజీలో రాయాలి. ఆ పేజీలో టీచరు పేరుగానీ బడి పేరుగానీ రాకూడదు.

అన్నీ చేశాను. గురువారమే లైబ్రరీలో ఇచ్చి వచ్చాను.

అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని మా ఊరి ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌కు ఆఫీసంటూ ఏమీ లేదు. ఊళ్లోవాళ్లే పాన్‌కేకులు అమ్మి, చందాలు పోగుచేసి, బడి బడ్జెట్లో దొరకని వస్తువులు టీచర్లకు కొనిపెడతారు. లైబ్రరీలో సంతకాల కాగితం విడిగా తీసి, దరఖాస్తులకు నంబర్లు వేస్తారు. మార్కులు వేసే ఐదుగురికీ రాసిందెవరో తెలియకూడదు.

నేనడిగింది ఎనిమిది వందల డాలర్లు. మా రెండో తరగతి పిల్లల్లో సగం మంది తల్లిదండ్రులు మాంసం ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు చేస్తారు. పిల్లలు పడుకునే వేళకు ఇంట్లో ఉండరు. వాళ్ల గొంతుతో, వాళ్ల భాషలో కథలు రికార్డు చేసి పిల్లలకు వినిపించాలని నా కోరిక. ఇప్పుడు తప్పితే మళ్లీ ఏడాదికే. అప్పటికి ఈ పిల్లలు నా గదిలో ఉండరు.

శుక్రవారం మూడింటికి మార్లిస్ హౌగెన్ గారు ఫోన్ చేశారు. ముప్పై ఏళ్లు బడి వంటగదిలో పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు నా పళ్లెంలో వడ్డించింది ఆవిడే. ఆ ఐదుగురిలో ఒకరు. వచ్చినవి వచ్చినట్టు అందరికంటే ముందు చదివేస్తారు.

“నోయెమీ, పదకొండో నంబరు నీదే కదూ?”

“నేను పేరు రాయలేదండీ.”

“‘మా నాన్న ఇరవై ఆరేళ్లు అదే ఫ్యాక్టరీలో పందుల్ని కోశాడు. మా ఇంట్లో కాలేజీ చదివిన మొదటిదాన్ని నేనే. నేను చదువుకున్న గదిలోనే ఇప్పుడు పాఠం చెబుతున్నాను.’ ఈ ఊళ్లో అలాంటి టీచర్లు ఎంతమంది ఉన్నారే? ఫోటో కూడా అంటించాల్సింది.”

పేజీ మొత్తంలో నాకు నచ్చింది ఆ పేరా ఒక్కటే.

“గుర్తుపట్టేలా ఉంటే పక్కన పెట్టెయ్యాలని రూలు. మిగతా నలుగురూ రేపు చదువుతారు. నాలుగింటి దాకా మార్చి ఇవ్వొచ్చు నువ్వు.”

“మీరే ఆ నాలుగు లైన్లూ కొట్టేస్తే సరిపోదా?”

“నేను కలం పెట్టను. ఇందాక హైస్కూల్ సైన్సు మాస్టారికీ ఫోన్ చేశాను, ఆయన ప్రిన్సిపాల్ సంతకమే మర్చిపోయాడని లైబ్రరీవాళ్లు చెప్పారు. టైమున్న వాళ్లందరికీ చేస్తాను. ఇంకోటి, నువ్వని తెలిసిపోయింది గనక నీదానికి నేను మార్కులు వెయ్యను.”

“అయితే నష్టం నాకేగా?”

“నేను మంచి మార్కులు వేస్తానని ఎవరన్నారు? క్యారెట్లన్నీ నాప్కిన్లో చుట్టి పారేసిన పిల్లవి నువ్వు. నీ గురించి రాసింది చాలు, ఆ పిల్లల గురించి రాయి.”

ఆ పేరా తీసేసి, పేరు చెప్పకుండా ఇక్రాన్ గురించి రాశాను. ఏడేళ్ల పిల్ల. వాళ్లమ్మ సోమాలీలో చెప్పే నక్క కథ సగంలో ఆగిపోయిందనీ, మిగతాది ఆదివారం దాకా చెప్పదనీ రోజూ నాతో అనేది. నాలుగింటికి ఆరు నిమిషాలుందనగా లైబ్రరీలో ఇచ్చాను.

మూడు వారాల తర్వాత బెలూన్లతో, బల్లంత చెక్కుతో ఫౌండేషన్ వాళ్లు మా గదిలోకి వచ్చారు. ఫోటో తీస్తామన్నారు. మార్లిస్ గారు కనబడలేదు. బయటికి వెళ్లి చూస్తే వరండాలో మిగిలిన బెలూన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు.

“లోపలికి రండి.”

“మార్కులు వెయ్యని గదిలో ఫోటో దిగను. నువ్వెళ్లు, అక్కడ నీ పిల్లలు బల్లలెక్కేశారు.”

నవంబరులో ఇక్రాన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని నక్క కథ చివరిదాకా వింది. “మధ్యలో మా అమ్మ దగ్గింది మిస్” అని నవ్వి, మళ్లీ మొదటినుంచి పెట్టమంది.

ఆ ఫోటో మా ఊరి పేపర్లో వచ్చింది. మీ ఊరి పేపర్లో ఎప్పుడైనా అలాంటి ఫోటో చూస్తే, మా ఫోటోలో లేని మార్లిస్ హౌగెన్ గారిని ఒకసారి తలుచుకోండి.