వంతుల ఉపవాసం

ఈ ఫ్యాను బాగుచేయించమని పోయిన ఎండాకాలమే చెప్పాం, కమిటీ వాళ్లకి చెవికెక్కితేగా, మగవాళ్ల వైపు రెండు తిరుగుతున్నాయి, మా ఆడవాళ్ల వైపు ఉన్న ఒక్కటీ టకటకమని చప్పుడే తప్ప గాలి లేదు, జూన్ వచ్చినా పటమటలో చినుకు రాలలేదు, చాప కింద గచ్చు కూడా వేడిగా ఉంది, పక్కన మా అమ్మాయి మణి చెమట తుడుచుకోవడం లేదు, తుడుచుకోవే అని మోచేత్తో పొడిచాను, ఓణీ చెంగు చేతిలోనే ఉంది, తుడుచుకోదు, ఒళ్లో పాటల పుస్తకం ఏదో పేజీకి తెరిచి ఉంది, గుడిలో అందరూ పాడుతున్న పాట అది కాదు, నా చేతిసంచీలో దాని మెడిసిన్ దరఖాస్తు ఉంది, రేపు సాయంత్రం ఐదింటికల్లా గుంటూరులో ఇచ్చి రావాలి, ఫోటో అంటించాను, సర్టిఫికెట్ల నకళ్ల మీద మా సివిల్ సర్జన్ గారి సంతకం నేనే పెట్టించాను, ముద్రలు వేయించాను, అన్నీ ఉన్నాయి, అభ్యర్థి సంతకం అన్న చోట ఒక్కటే ఖాళీ, పదిహేడేళ్ల పిల్ల, ఇంటర్లో ఫస్టు క్లాసు తెచ్చుకున్న పిల్ల, పన్నెండు రోజులుగా తన పేరు తాను రాయలేకపోతోంది, ఇంకో రెండు చరణాలైతే పాట అయిపోతుంది, అప్పుడు మా పాస్టరు అబ్రహాము అయ్యగారు దాన్ని ముందుకు పిలిచి తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తారు, పోయిన ఆదివారమే ప్రకటించారు, సంఘమంతా లేచి నిలబడాలని కూడా చెప్పారు.

ఇదంతా నా నోటి నుంచే మొదలైంది, నోరా వీపుకు తేకే అన్నారు పెద్దలు, నా నోరు నా వీపుకు కాదు, బిడ్డ వీపుకు తెచ్చింది, ఈస్టరు వారంలో మా ఇంట్లో పెట్టుకున్న గృహ ప్రార్థనలో సాక్ష్యం చెప్పమంటే లేచాను, వచ్చే ఈస్టరుకి నా కూతురు మెడికల్ కాలేజీలో ఉంటుంది, నమ్మి ముందే స్తోత్రం చెల్లిస్తున్నాను అన్నాను, అందరూ ఆమెన్ అన్నారు, అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, కళ్లు తుడుచుకుని అప్పటికప్పుడు వంతులు వేసేశారు, రోజుకొక ఇల్లు, ఎవరి వంతు వచ్చిన రోజున వాళ్లు పొద్దుగూకేదాకా ముద్ద ముట్టకుండా ఉండి, మోకాళ్ల మీద దయామణి పేరు చెప్పి ప్రార్థన చేసి అప్పుడు తినాలి, ఆ పేర్ల కాగితం గుడి తలుపుకి అంటించారు, నేను వస్తూ పోతూ ఆ కాగితం చూసుకుని ఎంత మురిసిపోయానని, ఎందుకు మురవను, ఇరవై ఏళ్లుగా డాక్టర్ల వెనక ట్రే పట్టుకుని నిలబడ్డాను, నిన్నగాక మొన్న మీసాలు మొలిచిన కుర్ర డాక్టరు కూడా సిస్టర్ అది తే, సిస్టర్ ఇది తే అంటాడు, తప్పు వాడు చేసినా తిట్లు నాకే, మా నాన్న ఆమోసు పామర్రు దగ్గర పరాయి చేలో నడుం వంచి నన్ను నర్సుని చేశాడు, నేను నా పిల్లని ఒక్క మెట్టు, ఒక్కటంటే ఒక్క మెట్టు, పైకి ఎక్కించకపోతే ఆయన వంగినదంతా వృథా కాదూ అనుకున్నాను.

అందుకే నాలుగింటికి లేపాను, రేడియోని దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాను, గవర్నర్‌పేటలో ట్యుటోరియల్‌కి పంపి, బస్సు దిగేసరికి వీధి చివర నిలబడి, దారిలోనే ఏం చెప్పారే ఇవాళ అని అడిగాను, పక్కింటి మాణిక్యం కబుర్లకొస్తే పరీక్షలయ్యాక రావమ్మా అని గుమ్మంలోంచే పంపేశాను, ఆ పిల్ల మళ్లీ రాలేదు, బస్సు డిపోలో మెకానిక్కు మా ఆయన కృపానందం, మాటకారి కాదు గానీ ఒక్కోసారి అంటాడు, ఢిల్లీలో ఎమర్జెన్సీ ఎత్తేశారు, మనింట్లో ఎప్పుడెత్తేస్తావు దానమ్మా అన్నాడు, మీరు ఊరుకోండి, మీకేం తెలుసు చదువుల సంగతి అన్నాను, ఊరుకున్నాడు, ఇంట్లో అందరూ ఊరుకున్నారు, అదీ ఊరుకుంది, మే నెలాఖరు నుంచీ కంచం ముందు కూర్చోవడం, మెతుకులు కెలకడం, నీళ్లు తాగి లేవడం, తర్వాత పుస్తకం ముందు కూర్చుని తల వంచి కళ్లు మూసుకుని అట్లా గంటలు గంటలు, పిలిచినా పలకదు, నేను గుమ్మంలో నిలబడి చూసి ఏమనుకున్నాను, నవ్విపోదురు గాక, నా బిడ్డ తనంతట తనే ఉపవాసం పట్టింది, ప్రార్థనలో ఉంది అనుకున్నాను, స్తోత్రం ప్రభువా అని వెనక్కి అడుగులో అడుగేసుకుని పోయాను, చప్పుడైతే దాని ప్రార్థన చెడుతుందని వంటింట్లో గిన్నె కూడా మెల్లగా పెట్టాను, అమ్మగారికి చెప్పుకున్నాను, మా మణి కూడా పట్టిందండీ అని, ఆవిడ అయ్యగారికి చెప్పింది, అయ్యగారు ప్రసంగంలో చెప్పారు, ఈ కాలపు పిల్లల్లో ఇట్లాంటి భక్తి ఎక్కడుంది అని, నేను తల వంచుకుని గర్వపడ్డాను, వార్డులో పేషెంటు రెండు పూటలు అన్నం వదిలేస్తే చార్టులో రాసి సాయంత్రానికల్లా డాక్టరుకి చెప్పే మనిషిని, దువ్వెనకి వెంట్రుకలు ఉండలు ఉండలుగా వస్తుంటే కొబ్బరినూనె మార్చాను గానీ పిల్ల మొహం చూడలేదు.

నిన్న మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి మళ్లీ కలం చేతిలో పెట్టాను, సంతకం చెయ్యవే, రేపు ఆదివారం, ఎల్లుండి ఆఖరు అన్నాను, పట్టుకుంది, కాగితం మీద పెట్టదు, నాకు ఒళ్లు మండింది, నీకోసం ఊరంతా కడుపు మాడ్చుకుంటోంది, సంపూర్ణమ్మ గారు శుక్రవారం తన వంతని పచ్చి గంగ ముట్టకుండా ఉండి, షుగరు మాత్ర మాత్రం మింగి పంపు దగ్గర పడిపోయింది తెలుసా, నేనే పరిగెత్తి నోట్లో చక్కెర నీళ్లు పోసి లేపాను, డెబ్బై ఏళ్ల ముసలావిడ నీకోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటే నువ్వు సంతకం పెట్టలేవా అన్నాను, అది నా వంక చూసింది, ఎన్నాళ్లకి చూసిందో, మెల్లగా, అరవకుండా చెప్పింది, నేను ప్రార్థన చేయట్లేదమ్మా, కళ్లు తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయి, అందుకని మూసుకుంటున్నా, అంతే, మరి తిండో అన్నాను, రోజూ గుడి తలుపు మీద ఇవాళెవరి వంతో చూసొస్తున్నానమ్మా, నా పేరు చెప్పి వాళ్లు తినకుండా ఉంటే నాకు ముద్ద ఎట్టా దిగుద్ది, సీటు రాకపోతే వాళ్లందరికీ నేనేం చెప్పాలి అంది, నేనప్పుడైనా దాన్ని దగ్గరికి తీసుకోవాలా వద్దా, రేపు అయ్యగారు చెయ్యి పెడితే అంతా సర్దుకుంటుందిలే అన్నాను, అవే మాటలు, నా నోటితోనే, మా ఆయన పొద్దున గుడికొస్తూ అన్నాడు, వేడెక్కిన ఇంజన్ని ఆపి చల్లారనిస్తారే, ఇంకా తొక్కరు, పిల్లని ఇంటి దగ్గర పడుకోనివ్వు అని, అందరూ ఎదురు చూస్తుంటారు, రాకపోతే ఏమనుకుంటారు అన్నాను.

పాట అయిపోయింది, పుస్తకాలు మూసిన చప్పుడు, అయ్యగారు కళ్లజోడు తీసి నవ్వుతూ, దయామణీ, రామ్మా అంటున్నారు, చాపల మీద జనం జరిగి దారి ఇస్తున్నారు, ముందు వరసలో సంపూర్ణమ్మ గారు గోడ పట్టుకుని లేస్తోంది, శుక్రవారం పడిన మనిషి, కూర్చోండమ్మా అని ఎవరో అంటే పిల్ల కోసం నేను నిలబడొద్దూ అంటోంది, మణి అది చూసింది, చూసి లేవబోతోంది, నా మాట ఎప్పుడూ జవదాటని పిల్ల, నా భుజం మీద చెయ్యి ఆనించి లేస్తోంది, ఆ చెయ్యి ఇంత తేలికైపోయిందేమిటి, నా వేళ్లు వాటంతటవే దాని మణికట్టు పట్టుకున్నాయి, నాడి దడదడమని కొట్టుకుంటోంది, అరచెయ్యి మంచు, ఇంత ఎండలో మంచు, వార్డులో ఇట్లాంటి పిల్ల మంచం దిగబోతే పెద్ద డాక్టరే పిలిచినా ఒప్పుకుంటానా, పడుకో తల్లీ అని అడ్డం నిలబడనూ, ఇక్కడ నేనే నెడుతున్నాను, నా మెట్టు దాని చేత ఎక్కిస్తున్నాను, దేవుణ్ణి దాని పేరు పెట్టి నాకోసం అడుక్కున్నాను, సిగ్గు లేకపోతే సరి, దాన్ని కూర్చోబెట్టి నేను లేచాను, అయ్యగారూ, మా మణి లేచి ముందుకి రాలేదండి, దానికి ఒంట్లో బాలేదు, అది ఉపవాసం కాదండి, జబ్బు, నేనే పోల్చుకోలేకపోయాను అన్నాను, ఆగకుండా ఇంకో మాటా అన్నాను, ఆ తలుపు మీద కాగితం తీసేయండి, ఇవాళ జక్కయ్య గారి వంతు, ఇంటికెళ్లి అన్నం తినండి బాబుగారూ, అందరూ కడుపునిండా తినండి, మీరు తిన్నారని తెలిస్తేనే నా బిడ్డ తింటుంది, సంపూర్ణమ్మ గారు నిలబడే, మరి సీటో దానమ్మా అంది, పోనివ్వండి పెద్దమ్మా, పిల్ల ఉంది కదా అన్నాను, అనేశాక సంచీలో దరఖాస్తు గుర్తొచ్చింది, రేపు ఐదు దాటిపోతుంది, మళ్లీ యేటి దాకా లేదు, మళ్లీ యేటికి దానికి కావాలనిపిస్తుందో లేదో కూడా తెలియదు, దాటనీ, మగవాళ్ల వైపు నుంచి మా ఆయన చాపలు దాటుకుంటూ వస్తున్నాడు, ఏ మగవాడూ ఇటు రాడు, వస్తున్నాడు, మణి నా చీర కుచ్చిళ్లు పట్టుకుని, నిజంగా అందరూ తింటారా అమ్మా అని అడుగుతోంది, తింటారు అన్నాను, తల నా మోకాలికి ఆనించింది, ఏడుస్తోంది, ఏడవనిచ్చాను, ఇంటికెళ్లి గంజి కాచాలి, చెంచాతో కొంచెం కొంచెం పట్టాలి, కిటికీ మూసి చీకటి చేసి పడుకోబెట్టాలి, ఎవరొచ్చినా గుమ్మంలోంచే పంపేయాలి, ఒక్క మాణిక్యాన్ని తప్ప, నెల పడుతుందో రెండు నెలలు పడుతుందో, సెలవు పెట్టాలి, ఇరవై ఏళ్లుగా ఊళ్లో వాళ్ల బిడ్డలందరికీ చేశాను, నా బిడ్డకి ఇప్పుడు కావలసింది ఒక నర్సు, ఆ పని నాకు బాగా వచ్చు.